నలభై ఒక్క కిలోల మనిషికి నలభై మిల్లీగ్రాములు: ఒక హెపారిన్ కేసు

నేపథ్యం

నేను నెల్లూరులో జనరల్ ఫిజీషియన్‌ని. ఎముకల విభాగం వాళ్లు ఆపరేషన్‌కు ముందు ఫిట్‌నెస్ కోసం పిలిచే మనిషిని. ఆ పిలుపుల్లో సగం గుండె గురించి, మరికొన్ని షుగరు గురించి ఉంటాయి. రక్తం గడ్డకట్టకుండా వేసే ఇంజెక్షన్ గురించి ఎవరూ అడగరు. నేను వెళ్లేసరికే అది చార్టులో రాసి ఉంటుంది, నేను కింద సంతకం పెడతాను. ఈ కేసు ఆ ముందే రాసి ఉన్న ఒక్క పంక్తి గురించి. రోగిని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను. నిర్ణయాలకు ఆధారమైన అంకెలను మాత్రం కదపలేదు.

రోగి 68 ఏళ్ల స్త్రీ. ప్రకాశం జిల్లా పడమటి వైపు మెట్ట ఊరు. చాలా ఏళ్లు పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్లారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన ఆ ప్రాంతపు వాళ్లు చాలామందిలాగే ఆమెకూ మోకాళ్లు, నడుము పట్టేసి ఉన్నాయి. మందుల షాపులో ఇచ్చే నొప్పి మాత్ర రోజుకు ఒకటి, పని ఎక్కువున్న రోజు రెండు. దానికి చీటీ లేదు, పేరు తెలియదు. "తెల్ల బిళ్ల" అన్నారు. బీపీకి ఒక మాత్ర వాడుతున్నారు. షుగరు లేదు.

పెరట్లో తడి బండ మీద జారిపడి ఎడమ తుంటి దగ్గర ఎముక విరిగింది. మొదట నాటు కట్టు కట్టించారు. ఆరు రోజులు కదలకుండా మంచం మీదే ఉన్నారు. ఏడో రోజున కొడుకు, కోడలు అద్దె కారులో వెనక సీటు మీద పడుకోబెట్టి నెల్లూరు తీసుకొచ్చారు. ఆ ఆరు రోజులు నాకు ముఖ్యం. తుంటి విరిగి కదలకుండా పడుకున్న మనిషి కాలి సిరల్లో గడ్డ పుట్టడానికి అంతకన్నా అనువైన పరిస్థితి ఉండదు. అందుకే ముందుగా రెండు కాళ్లకూ డాప్లర్, అంటే సిరల్లో రక్తప్రవాహం చూసే స్కాన్, చేయించాం. గడ్డ లేదు. అంటే చికిత్స అక్కర్లేదు, నివారణ చాలు.

మొదటి నిర్ణయం, నా తప్పు

చార్టులో ఎనాక్సాపారిన్ (గడ్డకట్టకుండా వేసే హెపారిన్ రకం ఇంజెక్షన్) 40 మి.గ్రా. రోజుకు ఒకసారి, రాత్రి 9 గంటలకు అని ఉంది. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.4. మా ల్యాబు కాగితం మీద మామూలు హద్దు 1.2. కొంచెం ఎక్కువ, నీళ్లు తక్కువై ఉంటాయి, సెలైన్ పెడితే దిగుతుంది అనుకున్నాను. హిమోగ్లోబిన్ 10.1, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు. ఈసీజీ చూశాను, ఊపిరితిత్తులు విన్నాను, సంతకం పెట్టాను.

ఆ 40 ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. 1999లో వెలువడిన మెడెనాక్స్ అధ్యయనంలో జబ్బుతో ఆస్పత్రిలో చేరిన వాళ్లకు 20 మి.గ్రా. ఇస్తే ఉత్తుత్తి మందుకూ దానికీ తేడా లేదు. 40 ఇస్తే గడ్డలు 14.9 శాతం నుంచి 5.5 శాతానికి తగ్గాయి. అప్పటి నుంచి నా తరం డాక్టర్లకు 40 అనేది డోసు కాదు, మందు పేరులో భాగం. "ఎనాక్సా ఫార్టీ" అని ఒక్క ఊపిరిలో అంటాం.

నేను చేయని పని ఒకటే, బరువు చూడడం. ఆమెను నిలబెట్టలేం కనుక బరువు గడి ఖాళీగా ఉంది. కోడలిని అడిగితే చెప్పేవారు. నేను అడగలేదు. తర్వాత స్ట్రెచర్‌తో సహా తూచి, స్ట్రెచర్ బరువు తీసేస్తే 41 కిలోలు తేలింది.

ఇప్పుడు కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ 1976లో ఇచ్చిన పాత లెక్క వేయండి. 140లోంచి 68 తీస్తే 72. దాన్ని 41తో గుణించి, 72 రెట్ల 1.4తో భాగించి, స్త్రీ కనుక 0.85తో గుణిస్తే 25 వస్తుంది. నిమిషానికి 25 మిల్లీలీటర్లు, మూత్రపిండాలు రక్తాన్ని శుభ్రం చేసే వేగం, అంటే క్లియరెన్సు. ల్యాబు కాగితం మీద "కొంచెం ఎక్కువ" అనిపించిన మూత్రపిండాలు నిజానికి 30 గీతకు కింద ఉన్నాయి. కండ లేని మనిషిలో క్రియాటినిన్ తక్కువే తయారవుతుంది. కనుక 1.4 అనే అంకె నెల్లూరు మిల్లులో బస్తాలు మోసే కుర్రవాడిలో ఒకటి చెబుతుంది, ఈమెలో మరొకటి చెబుతుంది.

రెండో లెక్క ఇంకా సులువు. 41 కిలోలకు 40 మి.గ్రా. అంటే కిలోకు దాదాపు ఒక మిల్లీగ్రాము. కిలోకు ఒక మిల్లీగ్రాము రోజుకు ఒకసారి అనేది, మూత్రపిండాలు ఇంత దెబ్బతిన్న వాళ్లలో ఇప్పటికే పుట్టిన గడ్డకు వైద్యం చేసే డోసు. నివారణ అని పేరు పెట్టి నేను చికిత్స డోసు ఇచ్చాను.

ఐదో రోజు ఉదయం

ఆపరేషన్ మూడో రోజున జరగాలి. జ్వరం, కఫం మొదలవడంతో వాయిదా పడింది. ఇంజెక్షన్ మాత్రం ఆగలేదు. నాలుగు రాత్రులు, నాలుగు సిరంజీలు.

ఐదో రోజు ఉదయం ఎనిమిదిన్నరకు రౌండ్స్‌లో కోడలు చీర కొంచెం పక్కకు తీసి అత్తగారి కడుపు చూపించారు. బొడ్డుకు కుడి పక్కన అరచేయంత నల్లటి కమిలిన మచ్చ, అంచుల్లో వంకాయ రంగు. సెలైన్ సూది చుట్టూ దూది తడిసి ఉంది. పళ్లు తోమితే చిగుళ్ల నుంచి రక్తం వచ్చిందట. ఎడమ తొడ ముందు రోజుకన్నా బిగుసుగా ఉంది. హిమోగ్లోబిన్ 7.6.

"కాలికి కదయ్యా దెబ్బ తగిలింది, రోజూ కడుపుకు పొడుస్తారేమిటి?" అని ఆమె అడిగారు. నవ్వుతూనే అడిగారు. నాకు నవ్వు రాలేదు.

ఇక్కడ కాస్త నిదానించాలి. తుంటి ఎముక విరిగితే తొడలోకి ఒక లీటరు రక్తం చప్పుడు లేకుండా పోవచ్చు, హిమోగ్లోబిన్ పడిపోవడానికి అదొక్కటే చాలు. మందు మీదే నెపం పెట్టడం తొందరపాటు అవుతుంది. కానీ విరిగిన ఎముక చిగుళ్ల నుంచి రక్తం రప్పించదు. ప్లేట్‌లెట్లు తగ్గలేదు, గడ్డకట్టే సమయం చూసే పీటీ పరీక్ష మామూలుగానే ఉంది. చార్టు వెనక్కి తిప్పితే ఇంకొకటి దొరికింది. నొప్పికి రోజుకు రెండుసార్లు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ పడుతోంది. అది ప్లేట్‌లెట్ల పనిని మందగింపజేస్తుంది, మూత్రపిండాలనూ నొక్కుతుంది. ఆ ఉదయం క్రియాటినిన్ 1.9. లెక్క మళ్లీ వేస్తే 18. మందు బయటికి పోయే గుమ్మాన్ని మేమే సగం మూశాం.

డ్యూటీలో ఉన్న యువ డాక్టరు ఏపీటీటీ అనే మరో గడ్డకట్టే సమయపు పరీక్ష రిపోర్టు తెచ్చారు. రోగిది 36 సెకన్లు, కంట్రోలు 30. "సార్, ఇది దాదాపు మామూలుగానే ఉంది. హెపారిన్ అసలు ఎక్కినట్టే లేదు, కారణం వేరే ఏదైనా చూద్దామా?" అన్నారు. ఆ ప్రశ్న తెలివితక్కువది కాదు. దానికి జవాబు మొత్తం హెపారిన్ అణువు గొలుసు పొడవులో ఉంది. ఆ రోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో అరగంట ఆ విషయమే మాట్లాడుకున్నాం.

గొలుసు పొడవు ఏం మారుస్తుంది

1916లో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో రక్తాన్ని గడ్డకట్టించే పదార్థం కోసం వెతుకుతూ, గడ్డకట్టనివ్వని పదార్థాన్ని పట్టుకున్నాడు. తర్వాత అక్కడి కాలేయపు వెలికితీతల నుంచే హెపారిన్ అనే పేరు వచ్చింది. ఇప్పుడు దాన్ని ఎక్కువగా పంది పేగు లోపలి పొర నుంచి తీస్తారు. అది ఒకే కొలత ఉన్న మందు కాదు. చక్కెర పూసలు గుచ్చిన దండల కుప్ప. పొట్టి దండ 3,000 డాల్టన్లు (అణువు బరువు కొలత), పొడుగుది 30,000. సగటు 15,000, అంటే నలభై అయిదు పూసల దాకా.

హెపారిన్ తనంతట తాను గడ్డను ఆపదు. మన రక్తంలోనే ఉన్న యాంటీథ్రాంబిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని, అది నెమ్మదిగా చేసే పనిని సుమారు వెయ్యి రెట్లు వేగంగా చేయిస్తుంది. పట్టుకునే చోటు ఐదు పూసల ప్రత్యేక వరుస. మామూలు హెపారిన్‌లో మూడో వంతు దండలకే ఆ వరుస ఉంటుంది, మిగతావి ఈ పనికి దాదాపు దండగ.

గడ్డ కట్టించే ప్రొటీన్లలో యాంటీథ్రాంబిన్ అణచేవి, మనకు ముఖ్యమైనవి రెండు. ఒకటి ఫ్యాక్టర్ టెన్-ఏ, రెండోది థ్రాంబిన్. ఒంగోలు వైపు కుర్రవాడు కనుక మా యువ డాక్టరుకు కాడి ఉదాహరణ చెప్పాను. థ్రాంబిన్‌ను ఆపాలంటే యాంటీథ్రాంబిన్, థ్రాంబిన్ రెండూ ఒకే కాడి కింద మెడ పెట్టాలి. కాడి కనీసం 18 పూసల పొడవు ఉండాలి, అంటే 5,400 డాల్టన్లు. అంతకన్నా పొట్టిదైతే రెండో ఎద్దు మెడకు అందదు. టెన్-ఏ విషయంలో ఆ ఇబ్బంది లేదు. యాంటీథ్రాంబిన్ ఒక్కటీ కాడి పడితే చాలు, ఐదు పూసల ముక్క అయినా పని జరుగుతుంది.

ఎనాక్సాపారిన్ అంటే ఆ పొడుగు దండలను క్షారంతో తుంచిన ముక్కలు. సగటు 4,500 డాల్టన్లు, పదిహేను పూసలు. అందులో చాలా ముక్కలకు 18 పూసలు లేవు. కనుక అది టెన్-ఏను థ్రాంబిన్ కన్నా సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా అణుస్తుంది. మామూలు హెపారిన్‌లో ఆ రెండూ సమానం. ఏపీటీటీ పరీక్ష ప్రధానంగా థ్రాంబిన్ వైపు అణచివేతను పట్టుకుంటుంది. కాబట్టి పొట్టి ముక్కలు రక్తం నిండా ఉన్నా ఆ పరీక్షకు సరిగా కనబడవు. మా రోగి 36 సెకన్లకు అర్థం అదే. మందు లేదని కాదు, మనం చూస్తున్న కంటికి అది ఆనలేదని.

పొడవు వల్ల మారే రెండో సంగతి, ఈ కేసుకు అసలైనది, మందు బయటికి పోయే దారి. పొడుగు దండలు రక్తనాళాల గోడలకు, ప్రొటీన్లకు, చెత్తను మింగే మాక్రోఫేజ్ కణాలకు అంటుకుపోతాయి. ఒంట్లోనే నలిగిపోతాయి. చర్మం కింద చిన్న డోసు వేస్తే మూడో వంతు కూడా సరిగా పనికి రాదు. అందుకే డాక్టర్లకు ఆ మందంటే విసుగు. పొట్టి ముక్కలు వేటికీ పెద్దగా అంటుకోవు, తొంభై శాతం పైగా పనికొస్తాయి, నాలుగు నుంచి ఆరు గంటల అర్ధాయుష్షు (రక్తంలో మందు సగానికి తగ్గే సమయం), రోజుకు ఒక్క సూది. ఇంత సుఖానికి ఒక షరతు ఉంది. వాటికి బయటికి పోయే దారి మూత్రపిండం. ఆ గుమ్మం ఇరుకైతే రోజు రోజుకూ లోపల పేరుకుంటాయి.

నాలుగో డోసు పడిన ఇరవై గంటలకు, ఐదో రోజు సాయంత్రం, ఈ మందు రక్తంలో ఎంత ఉందో చూపే యాంటీ టెన్-ఏ పరీక్షకు రక్తం తీశాం. నెల్లూరులో మాకు ఆ పరీక్ష అందుబాటులో లేదు. ప్లాస్మా వేరు చేసి, ఫ్రీజ్ చేసి, ఐసు పెట్టెలో చెన్నై పంపాం. జవాబు రెండు రోజులకు వచ్చింది, మిల్లీలీటరుకు 0.31 యూనిట్లు. నివారణ డోసులో సూది వేసిన నాలుగు గంటలకు, శిఖరం మీద, 0.2 నుంచి 0.5 ఉండాలి. ఇరవై గంటలకు దాదాపు ఏమీ ఉండకూడదు. ఆమెకు లోయలో శిఖరం ఉంది.

ఏమేం చేశాం, ఏది కుదరలేదు

ఎనాక్సాపారిన్, డైక్లోఫెనాక్ రెండూ ఆపేశాం. నొప్పికి పారాసిటమాల్, చాలకపోతే తక్కువ డోసు ట్రమడాల్. రెండు యూనిట్ల రక్తం ఎక్కించాం.

ప్రొటమిన్ ఇవ్వాలా అన్నది మొదటి వాదన. అది ధనావేశమున్న ప్రొటీన్, హెపారిన్ దండను చుట్టుకుని పనికిరాకుండా చేస్తుంది. పొడుగు దండలను పూర్తిగా పట్టుకుంటుంది. పొట్టి ముక్కల్లో టెన్-ఏ మీది పనిని అరవై శాతం మేరకే ఆపగలదు, మరీ పొట్టివి దాని చేతిలోంచి జారిపోతాయి. చివరి డోసు పడి పన్నెండు గంటలు దాటితే సాధారణంగా అక్కర్లేదని చదువుకున్నాం. అయితే ఆ పన్నెండు గంటలు మూత్రపిండాలు బాగున్న వాళ్ల గడియారం, ఈమె గడియారం వేరు. అయినా ఇవ్వలేదు. బీపీ నిలకడగా ఉంది, రక్తం ధారగా పోవడం లేదు, ప్రొటమిన్‌కు బీపీ పడిపోవడం, అలర్జీ లాంటి సొంత ప్రమాదాలున్నాయి. మంచం పక్క ట్రేలో పెట్టి గంట గంటకూ చూశాం. తొడ చుట్టుకొలత కోసం చర్మం మీద పెన్నుతో గీత గీసి అక్కడే టేపు పట్టాం. సాయంత్రానికి కొలత పెరగలేదు.

రక్తస్రావం ఆగుతోంది, సరే. గడ్డ ప్రమాదం ఎక్కడికీ పోలేదు. తుంటి ఇంకా విరిగే ఉంది, మనిషి ఇంకా మంచం మీదే ఉన్నారు. కాళ్లను గాలితో పిండే యంత్రం ఐసీయూ నుంచి అడిగి తెచ్చాం. విరిగిన కాలికి తొడగడం కష్టం. కుడి కాలికి తొడిగితే, ఆ సన్నటి పిక్కకు పట్టీ వదులై రాత్రికి మడమ దగ్గరికి జారింది. దాన్ని నివారణ అని పిలవడానికి నాకు మనసొప్పలేదు.

యువ డాక్టరు ఫోండాపారినక్స్ అన్నారు. ఇది ఆలోచనలోని సహజమైన వాలు. పొడుగుదానికన్నా పొట్టిది మేలైతే, ఇంకా పొట్టిది ఇంకా మేలు కావాలి కదా. ఫోండాపారినక్స్ అంటే ఆ ఐదు పూసల వరుస మాత్రమే, జంతువు ప్రమేయం లేకుండా ప్రయోగశాలలో కట్టినది. 1,728 డాల్టన్లు. థ్రాంబిన్‌ను తాకదు, టెన్-ఏ ఒక్కటే. తుంటి ఆపరేషన్లలో మంచి మందు కూడా. కానీ దాని అర్ధాయుష్షు పదిహేడు గంటలు, బయటికి పోయేది మూత్రంలోనే, ప్రొటమిన్ దాన్ని అసలు పట్టలేదు. క్లియరెన్సు 30కి తక్కువుంటే వాడకూడదు. 50 కిలోలకు తక్కువున్న వాళ్లకు ఈ ఆపరేషన్ల నివారణకు కూడా వాడకూడదు. ఈమెకు రెండు అడ్డాలూ ఉన్నాయి. ఎనాక్సాపారిన్ చేసిన పొరపాటునే ఇంకా పొడుగ్గా చేసినట్టయ్యేది.

టిన్జాపారిన్ అనే మందు ముక్కలు కాస్త పొడుగు, సగటు 6,500. అది మూత్రపిండాల మీద అంతగా ఆధారపడదు. మా మందుల గదిలో లేదు కనుక ఆ చర్చ రెండు నిమిషాల్లో ముగిసింది.

ఎముకల డాక్టరు ఆస్పిరిన్ గురించి అడిగారు. 2023లో వచ్చిన పెద్ద అధ్యయనం, పన్నెండు వేల పైచిలుకు ఎముకలు విరిగిన రోగులు, ఆస్పిరిన్‌తోనూ ఎనాక్సాపారిన్‌తోనూ మరణాలు సమానమని చెప్పింది. నిజమే. అందులోని వాళ్ల సగటు వయసు 45 చుట్టూ ఉంది, కాలి గడ్డలు ఆస్పిరిన్ వైపు కొంచెం ఎక్కువ. పైగా నాలుగు రోజులుగా ప్లేట్‌లెట్లను నొక్కిన మందును అప్పుడే ఆపాం. చిగుళ్లు తడి ఆరకముందే ఆ దారిన మళ్లీ వెళ్లదలచుకోలేదు.

పాత మందు దగ్గరికి

మిగిలింది తుంచని హెపారిన్. చర్మం కింద 5,000 యూనిట్లు. వయసులో చిన్నవాళ్లకు ఇది తాతల కాలం మందు. 1975లో విజయ్ కక్కర్ లండన్ నుంచి నడిపిన అధ్యయనంలో, నాలుగు వేల పైచిలుకు ఆపరేషన్ రోగుల్లో ఊపిరితిత్తుల గడ్డతో చనిపోయిన వాళ్లు మందు లేని వైపు 16 మంది, ఈ చిన్న డోసు హెపారిన్ వైపు ఇద్దరు. నివారణ అనే ఆలోచన నిలబడింది దీనితోనే. తుంటి ఆపరేషన్లలో పొట్టి ముక్కలంత బాగా ఇది పని చేయదని కూడా తెలుసు. అయినా ఎంచుకున్నాను. రెండు మూడు రోజుల్లో కత్తి పడబోతోంది. ఆ సమయంలో నాకు కావలసింది ఎక్కువ బలం కాదు. ఒంట్లో తనంతట తానే నలిగిపోయేది, అవసరమైతే ప్రొటమిన్‌తో పూర్తిగా తుడిచేయగలిగేది, మూత్రపిండాల దయ అక్కర్లేనిది కావాలి.

ఎనిమిది గంటలకు ఒకసారా, పన్నెండు గంటలకు ఒకసారా? ప్రమాదం ఎక్కువున్న రోగికి ఎనిమిది గంటలకు ఒకసారి ఇవ్వాలనే వాదనకు బలం ఉంది. 41 కిలోలు, నిన్నటిదాకా రక్తస్రావం. పన్నెండు గంటలకు ఒకసారి అని రాశాను. ఎనాక్సాపారిన్ చివరి డోసు పడిన 48 గంటలకు, ఆరో రోజు రాత్రి మొదలుపెట్టాం.

మత్తు డాక్టరుతో మాట్లాడడం నేననుకున్నదానికన్నా తేలికైంది. వెన్నులో సూదికి ఆ డాక్టరు భయం ఎనాక్సాపారిన్ గురించే. మామూలుగా నివారణ డోసు తర్వాత పన్నెండు గంటలు ఆగితే చాలు, ఈమెకు ఆ లెక్క ఎంతకు పెంచాలో ఎవరికీ చెప్పడం కుదరదు. ఎనిమిదో రోజు ఉదయానికి ఎనాక్సాపారిన్ ఆగి మూడు రోజులు దాటింది. హెపారిన్ 5,000కు నాలుగు నుంచి ఆరు గంటలు చాలు, మాకు పదకొండు గంటలు దొరికాయి, ఏపీటీటీ మామూలుగా వచ్చింది. ఇక్కడ ఆ పరీక్షను నమ్మవచ్చు, ఎందుకంటే ఇవి పొడుగు దండలు. వెన్నులో మత్తు ఇచ్చి తొడ ఎముకలో రాడ్ వేశారు. ఆ రాత్రి 9 గంటలకు హెపారిన్ మళ్లీ మొదలైంది.

తొమ్మిదో రోజు రాత్రి ఒక చిన్న సంగతి. మందుల ట్రేలో రెండు సీసాలున్నాయి, రెండూ ఐదు మిల్లీలీటర్లవే. ఒకదాంట్లో మిల్లీలీటరుకు 5,000 యూనిట్లు, ఇంకొకదాంట్లో 1,000. ఒక అంకె తప్ప కాగితం మీద తేడా తక్కువ. సిస్టర్ ఒక మిల్లీలీటరు తీశారు, పలచటి సీసా నుంచి. మరుసటి ఉదయం ఖాళీ అయిన మేరకు లెక్క సరిపోక తనే వచ్చి చెప్పారు. ఆ రాత్రి రోగికి పడింది 1,000 యూనిట్లే. నష్టం జరగలేదు. పొరపాటు తిరగబడి ఉంటే ఐదు రెట్లు పడేది. చెప్పినందుకు ఆమెను ఎవరూ ఒక మాట అనకుండా చూశాను, పలచటి సీసాను ఆ వార్డు అల్మారాలోంచి తీయించాను. ఎనాక్సాపారిన్ సిరంజీ నింపే వస్తుంది, ఈ ఇబ్బంది దానికి లేదు. పాత మందు ఎంచుకున్నప్పుడు మందుతో పాటు దాని సీసానూ ఎంచుకున్నామని ఆ రోజే తట్టింది.

ప్లేట్‌లెట్లు

పదో రోజు, ఆపరేషన్ అయిన రెండో రోజు, ప్లేట్‌లెట్లు 1.6 లక్షలు. 2.4 నుంచి చూస్తే మూడో వంతు పడిపోయాయి. హెపారిన్ వల్ల ప్లేట్‌లెట్లు తగ్గి, తిరగబడి గడ్డలు కట్టే జబ్బు ఒకటుంది. అక్కడా పొడవే కీలకం. ప్లేట్‌లెట్లు వదిలే ఫ్యాక్టర్ 4 అనే ప్రొటీన్లు పొడుగు దండ మీద గుంపుగా కూర్చుంటేనే ఒళ్లు వాటిని శత్రువనుకుంటుంది. పొట్టి ముక్కల మీద గుంపు కట్టడానికి చోటు తక్కువ. అందుకే తుంచని హెపారిన్‌తో అది ఎక్కువ.

"సార్, హెపారిన్ మొదలై నాలుగు రోజులే కదా, ఇంత త్వరగా రాదు" అన్నారు యువ డాక్టరు. రోజులు లెక్కపెట్టాల్సింది తుంచని హెపారిన్ నుంచి కాదు, మొదటి ఎనాక్సాపారిన్ సిరంజీ నుంచి. ఒంటికి అదీ హెపారినే. అలా చూస్తే పదో రోజు, సరిగ్గా ఐదు నుంచి పది రోజుల కిటికీలో ఉన్నాం. నాలుగు అంశాల స్కోరు వేశాను. పతనానికి 1, సమయానికి 2, కొత్త గడ్డ లేదు కనుక 0, వేరే కారణం స్పష్టంగా ఉంది కనుక 0. మొత్తం 3, తక్కువ అనుమానం. వేరే కారణం అంటే ఆపరేషన్. ఆపరేషన్ తర్వాత ప్లేట్‌లెట్లు మొదటి మూడు నాలుగు రోజులు తగ్గి, తర్వాత వాటంతటవే ఎక్కుతాయి. హెపారిన్ ఆపకుండా ఒక్క రోజు చూద్దాం, రేపు ఇంకా తగ్గితే అప్పుడు ఆపుదాం అని రాశాను. రేపు 1.7, ఎల్లుండి 2.0. ఆ ఒక్క రోజు రాత్రి నిద్ర సరిగా పట్టలేదని ఒప్పుకోవాలి.

ఇంటికి పంపడం

తుంటి విరిగిన తర్వాత నివారణ ముప్పై అయిదు రోజుల దాకా సాగాలి. రోజుకు రెండుసార్లు, సీసాలోంచి తీసి, పడమటి ప్రకాశం ఊళ్లో ఎవరు వేస్తారు? మందు ఒంట్లో ఎలా నడుస్తుందో లెక్కపెట్టి, ఊళ్లో ఎలా నడుస్తుందో లెక్కపెట్టకపోతే అది సగం వైద్యమే.

పన్నెండో రోజుకు క్రియాటినిన్ 1.2. నొప్పి ఇంజెక్షన్ ఆపడం, నీళ్లు అందడం పని చేశాయి. క్లియరెన్సు 29. ఇప్పుడు కత్తి భయం లేదు, చిగుళ్లు పొడిగా ఉన్నాయి. ఎనాక్సాపారిన్ దగ్గరికి తిరిగి వెళ్లాను, కానీ 20 మి.గ్రా. రోజుకు ఒకసారి. 15 నుంచి 30 మధ్య క్లియరెన్సుకు యూరప్‌లో మందు కాగితం చెప్పేది ఆ డోసే. అమెరికా కాగితం 30 అంటుంది. 41 కిలోలకు 20 అంటే కిలోకు అర మిల్లీగ్రాము. 80 కిలోల మనిషికి 40 ఇచ్చినంత. మెడెనాక్స్‌లో 20 పని చేయలేదన్న సంగతి మరిచిపోలేదు, అక్కడి ఒళ్లు వేరు, మూత్రపిండాలు వేరు. నమ్మకం కోసం మూడో డోసుకు అరగంట ముందు రక్తం తీసి చెన్నై పంపాం. 0.07. లోయ ఈసారి లోయలాగే ఉంది.

కోడలికి సూది నేర్పింది సిస్టర్. నేను పక్కన నిలబడ్డాను. సిరంజీలో చిన్న గాలి బుడగ కనబడగానే కోడలు తట్టి బయటికి తీయబోయారు, ఆస్పత్రుల్లో అందరూ చేసేది అదే కదా. "దాన్ని అలాగే ఉంచమ్మా, తీస్తే మందు కూడా ఒలుకుతుంది" అని సిస్టర్ ఆపారు. బొడ్డుకు నాలుగు వేళ్ల దూరంలో చర్మం చిటికెతో ఎత్తి, సూది నిలువునా దించి, మందు అయ్యేదాకా చిటికె వదలకుండా. తర్వాత రుద్దకూడదు. ఒకరోజు కుడి వైపు, ఒకరోజు ఎడమ వైపు. రెండో ప్రయత్నానికే ఆమె చేయి నా చేతికన్నా నిలకడగా ఉంది.

ఇంటికి ఇరవై ఎనిమిది సిరంజీలు ఇచ్చాం. "తెల్ల బిళ్ల" గురించి నేను, సిస్టర్, ఎముకల డాక్టరు విడివిడిగా ముగ్గురం చెప్పాం.

ఇప్పుడు ఏం మార్చాం

మా వార్డులో ఎనాక్సాపారిన్ రాసే గడికి ముందు రెండు గడులు పెట్టించాను, బరువు, క్లియరెన్సు. రెండూ నింపకపోతే మందుల గది నుంచి సిరంజీ రాదు. మొదటి వారం అందరూ తిట్టుకున్నారు. మంచం మీంచి లేవలేని వాళ్లను తూచడానికి స్ట్రెచర్ బరువు గోడ మీద పెయింటుతో రాయించాం. 50 కిలోలకు కింద ఎవరున్నా, క్రియాటినిన్ ఎంత ముద్దుగా ఉన్నా, నాకు ఫోన్ రావాలి. ఎనాక్సాపారిన్ మీద ఉన్నవాళ్లకు ఏపీటీటీ పంపడం మానేశాం. డబ్బు దండగ అన్నది చిన్న కారణం. మామూలుగా వచ్చిన ఆ అంకె ఇంకో సిరంజీ వేయమని ప్రోత్సహిస్తుందన్నది పెద్ద కారణం.

కాళ్లు పిండే యంత్రం పట్టీ సంగతి ఇంకా తేలలేదు. సన్నటి పిక్కలకు సరిపోయే కొలత కోసం ఆర్డరు పెట్టాం.

ఆపరేషన్ అయిన ఆరు వారాలకు ఆమె వాకర్‌తో, కోడలి భుజం పట్టుకోకుండా, గదిలోకి వచ్చారు. కాళ్లలో వాపు లేదు. డాప్లర్ బాగుంది. హిమోగ్లోబిన్ 10.4, క్రియాటినిన్ 1.2. కోడలు ఒక బిస్కెట్ల డబ్బా బల్ల మీద పెట్టి మూత తీశారు. వాడేసిన సిరంజీలు, జాగ్రత్తగా టోపీలు పెట్టి ఉన్నాయి. పక్కన రెండు మాత్రం నిండుగా, సీలు తీయకుండా. "మా పుట్టింట్లో చావు జరిగితే రెండు రాత్రులు నేను లేను సార్. ఇంకెవరికీ చేయి ఆడలేదు" అన్నారు. కడుపు మీద మచ్చ మాయమైంది. ముసలామె దాన్నే వేలితో వెతుకుతూ, "ఇక్కడే కదయ్యా, వంకాయంత ఉండేది" అన్నారు.